సార్‌కి బూడిదరంగు

నా పెళ్లయిన యేడు ఆషాఢాలు రెండొచ్చాయి. ఒకటి అధికం, ఒకటి నిజం. ఇలాంటి యేడాది ఎప్పుడో గాని రాదని అందరూ పుణ్యాల గురించీ పుష్కరాల గురించీ మాట్లాడుకుంటుంటే నేనొక్కదాన్నే కేలెండరు వంక చూసి పళ్లు నూరుకున్నాను. ఆషాఢంలో కొత్తకోడలు అత్తగారితో ఒకే గడప తొక్కకూడదు, కొత్తల్లుడు అత్తారింటి గడప ఎక్కకూడదు. అధికమాసం లెక్కలోకి రాదని మా అమ్మ దాలమ్మ వాదించి చూసింది. మా అత్త అసిరమ్మ ఒప్పుకుంటేనా.

"అదికమైతే ఏటి వొదినా, పేరు ఆసాడమే గదా. ఎందుకొచ్చిన తగువు, రెండు నెల్లూ పిల్లని నీకాడే ఉంచీ" అని ఫోన్లో తేల్చేసింది.

అప్పటికి పెళ్లయి నెల దాటింది, అంతే. నాకు ప్రతిదీ సంబరమే. తీగ మీద నా చీర పక్కన ఈశ్వర్ బనీను ఆరుతుంటే సంబరం. తాటిముంజెలో బొటనవేలు పెట్టి నీళ్లు నా మొహాన చిమ్మితే సంబరం. అలా గాల్లో తేలుతున్నదానికి పగ పట్టింది. అదీ ఆ నెలలోనే పట్టింది.

ఈశ్వర్ది విజయనగరంలో ఒక ఎరువుల కంపెనీ ఆఫీసు. కోనాడ అవతల సముద్రం ఒడ్డునున్న మా అత్తారి ఊరి నుంచి రోజూ బండి మీద వెళ్లేవాడు. ఫుల్ చేతుల చొక్కా, టక్కు, నల్ల బూట్లు. ఆ యేడు ఎండలకి కాకులు చెట్ల మీంచి రాలిపడ్డాయి. ఆఫీసు చేరేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయేది. అక్కడ ఏసీ ఉన్నది ఒక్క మేనేజరు గదిలోనే. మిగతావాళ్లకి ఫ్యాన్లు, అవీ కరెంటున్నప్పుడు.

ఒకరోజు కేరేజీ మర్చిపోయి వెళ్లాడు. ఎటూ ఆ ఊళ్లోనే ఉన్న అమ్మని చూడాలని ఉంది కదాని కేరేజీ పట్టుకుని బస్సెక్కాను. ఆఫీసు మేడ మీద, కింద గోడౌను నిండా ఎరువు బస్తాలు. మెట్లెక్కుతుంటేనే ఆ ఘాటుకి కళ్లు మండాయి. నేను వచ్చానని తెలిసి మేనేజరు జగన్నాధం గారు లోపలికి రమ్మన్నారు. గది చల్లగా, మెత్తగా ఉంది. కుర్చీ వేయించారు, కూల్‌డ్రింకు తెప్పించారు. మంచాయనే అనుకున్నాను.

అంతలో ఈశ్వర్ ఏవో కాగితాలు పట్టుకుని వచ్చాడు. అప్పుడే ఎక్కడో డీలరు దగ్గరికి వెళ్లొచ్చినట్టున్నాడు, నుదురంతా చెమట. జగన్నాధం గారు సొరుగు లాగి, గదికి కొట్టే సెంటు డబ్బా తీసి, కూర్చున్నచోటి నుంచి లేవకుండా ఈశ్వర్ చుట్టూ కొట్టారు. ముందు, పక్కన, మళ్లీ ముందు. దిష్టి తీసినట్టు.

"ఏమనుకోకమ్మా. మావాడు పనిలో బంగారం. కానీ లోపలికొచ్చాడంటే సముద్రం మొత్తం వెంటబెట్టుకొస్తాడు. ఇంక నువ్వొచ్చావు గదా, కాస్త ఒళ్లు రుద్ది పంపించు."

అద్దం అవతల ఎవరో నవ్వారు. ఈశ్వర్ కూడా నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నేను గ్లాసు కింద పెట్టేశాను. మా అమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగి నన్ను బీయస్సీ చదివించింది. మా అత్త ఎండుచేపలు అమ్మి ఈశ్వర్‌ని చదివించింది. ఎరువు గోడౌను మీద కుర్చీ వేసుక్కూర్చున్న మనిషి ముక్కుకి మా వాసన తగిలిందట. జగన్నాధాన్ని గారు అనడం నేను ఆ క్షణమే మానేశాను.

మెట్ల దగ్గర అడిగాను. "రోజూ ఇలాగే కొడతాడా బావా?"

"రోజూ కాదు. చెమట పట్టిన్రోజు."

"చెమట ఎప్పుడు పట్టదు?"

ఆలోచించి, "జనవరిలో" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. అది చూసి అసలు సంగతి చెప్పాడు. వాళ్లన్న సూరయ్య శ్రావణం రాగానే గుజరాత్‌లో వెరావల్ వెళ్తున్నాడు, బోటు పనికి. వాళ్ల జట్టులో ఒక మనిషి తక్కువున్నాడు.

"నేనూ వస్తానని సెప్పీసినాను తులసీ. సముద్రం మీద నన్నెవడూ వాసన చూడడు."

వెరావల్ వెళ్లినవాళ్లు మళ్లీ వేసవి దాకా ఇల్లు చూడరు. రెండు ఆషాఢాలకే ఏడుస్తున్నదాన్ని. వద్దని బతిమాలదామనుకున్నాను, కానీ ఏమని బతిమాలను? రోజూ ఆ సెంటు కొట్టించుకోమనా? నోరు మూసుకుని బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని ఒకటే అనుకున్నాను. ఆ మనిషి కూడా తడవాలి. ఏసీ లేనిచోట, పదిమంది చూస్తుండగా, వీపు మీంచి నడుం దాకా తడవాలి. ఎలాగో తెలియదు గాని, తడవాలి.

*

ఆషాఢం వచ్చింది. నేను మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. ఈశ్వర్ ఆఫీసుకీ మా ఇంటికీ మధ్య నాలుగు వీధులు. అయినా మా ఇంటికి రాకూడదు, పొరపాటున మా వీధిలోకొస్తే అమ్మే తరిమేస్తుంది. ఫోన్లో మాట్లాడి మాట్లాడి చెవి కాలిపోయేది.

ఒక సాయంత్రం ఫోన్ చేసి, "మనకి మంచిరోజులొచ్చాయే" అన్నాడు.

హైదరాబాదు నుంచి జోనల్ మేడం వస్తోందట. ఇంత ఉడుకులో టక్కులూ ఫుల్ చేతులూ అక్కర్లేదు, స్టాఫంతా మంచి కాలరు టీషర్టుల్లో నీటుగా ఉండండి చాలని పైనుంచి కబురు. బిజినెస్ క్యాజువల్ అంటారట దాన్ని. టీషర్టులు చూసే పని జగన్నాధం ఈశ్వర్ నెత్తిన పెట్టాడు.

"అందరివీ ఒకటే రంగుండాలంట. ఆయనది మాత్రం వేరేగా ఉండాలంట. నాకేటి తెలుసే టీషర్టుల గురించి?"

"నాకు తెలుసు" అన్నాను. నాకూ ఏమీ తెలియదు.

అమ్మతో చెబితే కత్తిపీట మీంచి తలెత్తకుండా, "బట్టల కొట్టు గడప అత్తారిదీ కాదు, అమ్మగారిదీ కాదు. ఎల్లు. సీకటడకముందే వచ్చీ" అంది.

మూడులాంతర్ల దగ్గర ధనరాజు గారి షాపు. ముందంతా ఆషాఢం ఆఫర్ల బ్యానర్లు, ఆడవాళ్ల తోపులాట. టీషర్టులు వెనకాల, ఎవరూ రాని మూల. అక్కడ పెద్ద స్టాండు ఫ్యాను పక్కన ఈశ్వర్ నిలబడి ఉన్నాడు. రెండు వారాల తర్వాత చూడటం. ఏం మాట్లాడాలో తెలియక, "సన్నబడ్డావు" అన్నాను. "నువ్వు లావయ్యావు" అన్నాడు. అంతకన్నా మంచి మాట నేను జన్మలో వినలేదు.

ధనరాజు గారు ముందు తళతళలాడేవి తీశారు. చేత్తో పట్టుకుంటే జారిపోతున్నాయి. గుప్పిట్లో నలిపి వదిలితే ముడతైనా పడలేదు. అంతా పాలిస్టర్. వేసుకున్న పావుగంటకి ఒళ్లు ఉడికిపోతుంది. తర్వాత మ్యాటీ గుడ్డ తీశారు. తేనెపట్టులా సన్న గళ్లు, చేతికి కొంచెం గరుగ్గా, లోపలంతా కాటన్. ఏది మంచిదో తేల్చడానికి నేనొక పరీక్ష కనిపెట్టాను. గుడ్డ ఈశ్వర్ మెడకి ఆనించి, ఇవతలనుంచి నోరు పెట్టి ఊదాను. గాలి మెడకి తగిలితే ఆఫీసుకి పనికొచ్చే గుడ్డ.

"తగిలిందా?"

"సరిగ్గా తెలీలేదు. మళ్లీ ఊదు."

చాలా టీషర్టులకి ఊదాల్సి వచ్చింది. ధనరాజు గారు పాపం లెక్కల్లో తల దూర్చుకుని కూర్చున్నారు.

కాలరు రెండుసార్లు మడిచి చూశాను, అంచు చుట్టుకుపోకూడదు కదా. చంక కింద కుట్టు లాగి చూశాను. పొడుగు చూశాను, వంగితే నడుం కనబడకూడదు. ఇంక రంగు. చెమట పడితే ఎలా కనిపిస్తుందో చూద్దామని సంచిలోంచి నీళ్లసీసా తీసి ముదురు నీలం దాని మీద చిలకరించాను.

"ఏటమ్మా, కొనకముందే ఉతికేస్తన్నావు?" అన్నారు ధనరాజు గారు.

"తడిస్తే ఎలాగుంటాదో సూస్తన్నాను బాబాయ్. పాడైతే నేనే తీసుకుంటాను."

నీలం మీద నీళ్లు పడ్డ ఆనవాలు లేదు. తెలుపు మీదా అంతే. మెరూన్ కొంచెం ముదిరింది. తర్వాత బూడిదరంగుది తీశాను. చూడ్డానికి అన్నిట్లోకీ అదే దర్జాగా ఉంది, మబ్బుపట్టిన సముద్రంలా. దాని మీద నాలుగు చుక్కలు వేశాను. రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ లేచింది. చూస్తుండగానే అరచేయంత అయింది. అంచులు పాకుతూ ఇంకా పెద్దదైంది. నాలుగు చుక్కలకే అది.

ఈశ్వర్ అప్పుడు అద్దాల గదిలో నీలంది వేసుకుంటున్నాడు. నేను ఆ మచ్చ వంక చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఒళ్లంతా చల్లగా అయిపోయింది.

"ఇదొకటి ఇయ్యండి బాబాయ్. ఎల్ సైజు. మేనేజరు గారికి."

ధనరాజు గారు మచ్చని చూశారు, నన్ను చూశారు. "ఈ రంగు ఉక్కకి..." అని నసిగారు.

"సార్‌కి ఏసీ ఉంది బాబాయ్."

ఈశ్వర్ బయటికొచ్చాడు. చిన్నప్పుడు తెడ్డు వేసిన చేతులేమో, టీషర్టు చేతి అంచు కండ మీద సరిగ్గా కూర్చుంది. రెండు బొత్తాలు పెట్టుకుని, పై బొత్తాం పెట్టాలా వద్దా అన్నట్టు చూశాడు. వద్దని తల ఊపాను. పగ సంగతి కాసేపు మర్చిపోయానంటే నమ్మండి.

"సారు ఎల్ అన్నాడు గాని, ఆయన పొట్టకి ఎల్ చాలదే" అన్నాడు సంచిలోకి చూసి.

"పెద్దాయన మాట కాదనకూడదు బావా."

బూడిదరంగుది వేరుగా, పల్చటి తెల్లకాగితం చుట్టి పెట్టించాను. ఇస్తే జగన్నాధం చాలా మెచ్చుకున్నాడట. ఇన్నాళ్లకి ఒక్క పని తెలివిగా చేశావయ్యా అన్నాడట.

*

మేడం వచ్చే రోజు పొద్దున్న ఒక జల్లు పడి, వెంటనే ఎండ కాసింది. ఊరంతా ఇడ్లీపాత్రలో పెట్టినట్టుంది. ఆఫీసులో కేషియరు రేఖకి టీషర్టు వదులైతే మార్చి తెచ్చే పని నాకు పడింది. ఆ పని పడకపోయినా ఏదో ఒకటి కల్పించుకుని వెళ్లేదాన్ని. రేఖ వేసుకుని చూసుకుని, "ఉండవే, టీ తాగి వెళ్దువు" అని తన బల్ల పక్కనే కూర్చోబెట్టింది.

హాలంతా ముదురు నీలం. మేడం వస్తూనే, "వెరీ నీట్" అంది. జగన్నాధం తన గదిలోంచి బూడిదరంగులో బయటికొచ్చాడు. నా ప్రాణం ఉసూరుమంది. బాగున్నాడు. పొట్ట కాస్త బిగిసినా రంగు ఆయనకి భలే నప్పింది. ఎక్కడా ఒక్క చుక్క లేదు. ఏసీ గదిలోంచి వచ్చి ఏసీ గదిలోకే మేడాన్ని తీసుకెళ్లిపోయాడు. టీ చల్లారిపోయింది. తాగలేదు నేను.

అద్దం తలుపు మళ్లీ తెరుచుకుంది. "ముందు గోడౌన్ చూసేద్దాం" అంటోంది మేడం.

గోడౌన్‌కి మేడ కింద ఉన్నది ముందు భాగమే, వెనకంతా రేకుల కప్పు. ఒకటే తలుపు, ఫ్యాను లేదు. తడి తగిలితే బస్తాలు గడ్డకడతాయని కిటికీలు మూసే ఉంచుతారు. వాళ్లు మెట్లు దిగుతుంటే నేను మనసులో మేడానికి దణ్ణం పెట్టాను. నిదానంగా చూడు తల్లీ, ప్రతి బస్తా చూడు.

చూసింది. వాళ్లు పైకి వచ్చేసరికి బొబ్బిలి నుంచీ గజపతినగరం నుంచీ వచ్చిన డీలర్లు హాల్లో కుర్చీల నిండా ఉన్నారు.

ఈశ్వర్ కూడా వాళ్లతోనే గోడౌన్‌లో తిరిగాడు, మొహం కడుక్కున్నట్టుంది. కానీ నీలం టీషర్టు నీలంగానే ఉంది. జగన్నాధానికి చంకల కింద మొదలైన మచ్చలు రొమ్ము మీదికి పాకి కలుసుకున్నాయి. పొట్ట బిగిసినచోట అడ్డంగా ఒక చార. వెనక్కి తిరిగితే మెడ నుంచి నడుం దాకా నల్లగా ఒక ఏరు. గదిలోకి పోదామనుకున్నాడు గాని, మేడం నేరుగా హాల్లో కూర్చుని, "మొదలెట్టండి" అంది.

గోడ మీద జిల్లా మ్యాపు. ఆయన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. మోచేతులు పక్కటెముకలకి అంటించేసి, మణికట్టు ఒక్కటే తిప్పుతూ చూపిస్తున్నాడు. ఎస్.కోట దాకా ఎలాగో నెట్టుకొచ్చాడు.

"బొబ్బిలి ఏదండి సార్?" అన్నాడు వెనక వరస డీలరు. "కర్ర కొంచెం పైకెత్తండి, కనబడతన్నాది కాదు."

ఎత్తాడు. హాల్లో ఒక్కసారి అందరి చూపూ ఒకేచోటికి వెళ్లింది. ఎవరో దగ్గారు. మేడం తన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, చేతిసంచిలోంచి కాగితపు రుమాలు తీసి, ఆయన వైపు చూడకుండానే బల్ల మీద ముందుకి తోసింది. రేఖ నా చెవిలో, "అమ్మో, ఏటే ఆయన చొక్కా" అంది. ఆ రుమాలు బల్ల మీద జరిగిన తీరు ఇప్పటికీ తలచుకుంటాను. పాయసం తిన్నట్టుంటుంది.

నా ఆనందాన్ని పాడుచేసింది ఈశ్వరే. లేచి వెళ్లి, "నేను చూపిస్తాను సార్, మీరు కూర్చోండి" అని కర్ర అందుకున్నాడు. బొబ్బిలి చూపించాడు, ఏ ఊళ్లో ఏ బస్తా ఎందుకు ఆగిందో చెప్పాడు. చేయి ఎక్కడికి కావాలంటే అక్కడికి ఎత్తాడు. మేడం రాసుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ మనిషిని ఇంకాసేపు నిలబెట్టాల్సింది.

*

రెండో ఆషాఢం ఆఖరి రోజుల్లో మళ్లీ ధనరాజు గారి షాపులో కలిశాం. మా అత్తకి జాకెట్టు గుడ్డ వంకతో. ఈశ్వర్ మొహం బాగోలేదు.

"సూరన్నకి సాయంత్రంలోగా మాటియ్యాల. టికెట్లు తీస్తన్నాడు."

"మేడం మెచ్చుకుంది గదా బావా."

"మేడం హైదరాబాదెళ్లిపోయింది. ఈయన ఇక్కడే ఉన్నాడు. నిన్న మళ్లీ సెంటు కొట్టాడు. ఆ రోజు తనకి చెమట పట్టింది కూడా నా పక్కన నిలబడ్డం వల్లేనంట."

నేను గుడ్డలు కలబెడుతూ ఉండిపోయాను. ఈశ్వర్ నా చేతి వంక చూశాడు. అక్కడ బూడిదరంగు టీషర్టులు మడతపెట్టి ఉన్నాయి.

"తులసీ. ఆ రంగు నువ్వు కావాలనే ఇచ్చావా?"

"అవును."

"తడిస్తే అలా అవుతాదని తెలిసే?"

"నీళ్లు పోసి మరీ చూశాను."

"నాకు సెప్పలేదే."

"నీకు సెప్తే నీ మొహం ఆయనకి సెప్పీస్తాది."

ఈశ్వర్ పైనున్న టీషర్టు మడత విప్పి, మళ్లీ మడిచాడు. కోపమొచ్చిందేమో తెలియలేదు. కర్ర అందుకున్న మనిషి కదా, నన్ను చూసి అసహ్యపడతాడేమో అనుకున్నాను. అయినా తప్పైపోయిందని అనాలనిపించలేదు, అనలేదు. ఫ్యాను అటూ ఇటూ తల తిప్పుతోంది. అప్పుడే ముందు గుమ్మంలోంచి తెలిసిన గొంతు వినబడింది.

"ఏమయ్యా ఈశ్వర్, నువ్విక్కడే ఉన్నావా. మంచిదైంది."

జగన్నాధం. మంచి కాలరు టీషర్టులు ఇకనుంచి వారానికి రెండు రోజులు తప్పనిసరని హెడ్డాఫీసు చెప్పిందట. ఇంకొకటి కావాలి.

"ఆ రోజుది గుడ్డ ఫస్టు క్లాసమ్మా, సైజే తేడా కొట్టింది. బిగుసుకుపోయి గాలాడక ఉక్కపోసింది. ఈసారి ఎక్సెల్ చూడు. నువ్వే సెలెక్టు చేశావటగా? ఏ రంగు బాగుంటుంది నాకు?"

ఆయనకి ఇంకా తెలియలేదు. ధనరాజు గారు నీలంది తీయబోయారు. నేను ఆయన కంటే ముందు చేయి చాచి, లేత ఆకాశంరంగుది లాగాను. ఆ రంగుకి కూడా నీళ్లు పోసి చూసిందాన్నే. దాదాపు బూడిదకి చెల్లెలు.

"మీ రంగుకి ఇది బాగా నప్పుతాది సార్."

జగన్నాధం అద్దం ముందు రొమ్ముకి ఆనించుకుని అటూ ఇటూ తిరిగాడు. ఈశ్వర్ ఆ టీషర్టునే చూస్తున్నాడు. అతని నోటి నుంచి ఒక్క మాట చాలు. ఇది వద్దు సార్, చెమట కనబడతాది అంటే అయిపోయేది. అనగలడు కూడా.

"ఏమంటావయ్యా?" అన్నాడు జగన్నాధం అద్దంలోంచి.

ఈశ్వర్ రెండడుగులు ముందుకు వేశాడు. భుజాల దగ్గర కుట్టు సరిచేసి, దూరం నుంచి ఒకసారి చూశాడు.

"బాగుంది సార్. రెండు తీసుకోండి. ఆఫర్ రేపటితో అయిపోతాది."

రెండూ సంచిలో పెట్టించుకుని ఆయన వెళ్లిపోయాడు. ధనరాజు గారు గోడ వైపు తిరిగి, సర్ది ఉన్న అరనే మళ్లీ సర్దుతున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఈశ్వర్ నా వైపు చూడకుండా జేబులోంచి ఫోన్ తీశాడు.

"అన్నా, నేను రావట్లేదు. నా బదులు ఇంకెవర్నైనా సూసుకో." అవతల ఏదో గట్టిగా అడుగుతున్నారు. కొంచెంసేపు విన్నాడు. "ఏటీ లేదన్నా. ఇక్కడ మా సార్‌కి రంగులు సూసి పెట్టీవోల్లు లేరు."